పేర్లు చెరిపిన దేశంలో

"అల్బేనియా వెడుతున్నానండీ" అంటే మా కాలేజీ స్టాఫు రూములో నలుగురిలో ముగ్గురు, "అదెక్కడుంది?" అని అడిగారు. నాలుగో ఆయన చరిత్ర లెక్చరరు. ఆయన కళ్ళజోడు సవరించుకొని, "అక్కడి చరిత్ర పుస్తకం తెచ్చిపెట్టండి. ఒక్క ముద్రణ తెస్తే లాభం లేదు సుమా! రెండు ముద్రణలు పక్కపక్కన పెట్టి చదివితేగాని ఆ దేశం అర్థం కాదు" అన్నారు. ఆరు రోజులు తిరిగి వచ్చాను గదా, ఇంతకంటే మంచి సలహా నాకు ఏ గైడు పుస్తకంలోనూ కనిపించలేదు.

గ్రీసుకు నెత్తిన, ఇటలీకి ఎదురుగా, ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న దేశం అల్బేనియా. విస్తీర్ణం 28,748 చదరపు కిలోమీటర్లు; అంటే మన పాత అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్లు. 2023 లెక్కల ప్రకారం జనం 24 లక్షలు. మా తమ్ముడు ఇటలీలో బారి అనే రేవు పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 వేసవి సెలవుల్లో వాణ్ణి చూడడానికి వెళ్ళాను. బారిలో రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి అల్బేనియా రేవు దుర్రెస్‌లో దిగవచ్చునని వాడే చెప్పాడు. ఇంకనేం, నాలుగు రోజులు సెలవు పెట్టించి, శనాదివారాలు కలుపుకొని వాణ్ణి కూడా బయలుదేరదీశాను.

దుర్రెస్ నుంచి రాజధాని టిరానాకు బస్సులో గంట ప్రయాణం. దారి పొడుగునా పొలాల గట్ల మీద, ఇళ్ళ పెరళ్ళలో, ఒకచోట కోళ్ళ గూటి పక్కన, బూడిదరంగు కాంక్రీటు పుట్టగొడుగులు కనిపిస్తూ వచ్చాయి. మనిషి దూరి తుపాకీ గురిపెట్టే కంత ఒకటి ఉంటుంది వాటికి. అవి బంకర్లు. లక్షా డెబ్భై వేలకు పైగా కట్టారని చెబుతారు. ఎవరొచ్చి మీద పడతారని? అమెరికా రావచ్చు, రష్యా రావచ్చు, యుగోస్లావియా రావచ్చు, గ్రీసు రావచ్చు. ఇంటికి నలువైపులా పగవాళ్ళే ఉన్నారని నమ్మిన గృహస్థు కట్టుకున్న ప్రహరీ అది. ఆ గృహస్థు పేరు ఎన్వర్ హోజా.

ఈ హోజా 1908లో పుట్టాడు. కొన్నాళ్ళు ఫ్రాన్సులో చదివి, ఆ చదువు పూర్తిచేయకుండానే తిరిగివచ్చి, కోర్చ పట్టణంలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకున్నాడు. మా వృత్తివాడేనన్నమాట! 1939లో ఇటలీ అల్బేనియాను ఆక్రమించింది. 1941 నవంబరు 8న అక్కడి కమ్యూనిస్టు పార్టీ పుట్టింది. కొండల్లో గెరిల్లా యుద్ధం నడిపి 1944 నవంబరులో ఆ పార్టీ దేశాన్ని చేజిక్కించుకొంది. అది మొదలు 1985 ఏప్రిల్ 11న చనిపోయేవరకు హోజాదే రాజ్యం. నలభై ఏళ్ళు! బయటివాడు లోపలికి రావడం అపురూపం. లోపలివాడు బయటికి పోవడం నేరం. 1967లో మసీదులూ చర్చీలూ అన్నీ మూసేశారు. సొంత కారు ఎవరికీ ఉండరాదు.

సత్యం చెప్పాలంటే ఆ నలభై ఏళ్ళలో కొంత మంచీ జరిగింది. యుద్ధానికి ముందు అక్షరాలు వచ్చినవాళ్ళు ఎంతో తక్కువైన దేశం అది. బళ్ళు పెట్టారు, 1957లో విశ్వవిద్యాలయం పెట్టారు, 1970 నాటికి ప్రతి పల్లెకూ కరెంటు వచ్చిందని చాటుకున్నారు. అయితే అక్షరాలు నేర్పిన చేత్తోనే ఏ అక్షరం చదవాలో కూడా నిర్ణయించారు. మన కథ అక్కడ మొదలవుతుంది.

టిరానా నడిబొడ్డున స్కందర్‌బేగ్ మైదానం ఉంది. విశాలమైన రాతిపరుపు, మధ్యలో గుర్రం మీద జాతీయ వీరుడు స్కందర్‌బేగ్. ఒక పక్క చిన్న ముచ్చటైన మసీదు, గడియార స్తంభం. మరోపక్క సాంస్కృతిక భవనం. ఎదురుగా జాతీయ చరిత్ర మ్యూజియం. మైదానంలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని వాదించుకుంటున్నారు. ఎంత ప్రశాంతంగా ఉందో! కాని ఆ చుట్టూ ఉన్న ప్రతి రాయీ ఒకటికి రెండుసార్లు చరిత్ర మార్చుకున్నదే.

సాంస్కృతిక భవనం సంగతి చూడండి. 1959లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ స్వయంగా వచ్చి దానికి పునాదిరాయి వేశాడు. 1961లో రెండు దేశాలకూ చెడింది. రష్యనులు పని సగంలో వదిలిపెట్టి వెళ్ళిపోయారు. మిగతాది అల్బేనియనులు తామే కట్టుకొని 1966లో పూర్తిచేశారు. ఇక మ్యూజియం నుదుటిమీద ఉన్న పెద్ద మొజాయిక్ చిత్రం: ప్రాచీన ఇల్లీరియనుల మొదలు తుపాకీ ఎత్తిన గెరిల్లా యువతి దాకా జాతి మొత్తం నడిచి వస్తున్నట్టు రంగురాళ్ళతో అమర్చారు. కమ్యూనిస్టు రాజ్యం పోయిన తరవాత అందులోనుంచి ఎర్ర నక్షత్రాన్ని తీసేశారు. ఒక మనిషి చేతిలో ఉండిన పుస్తకం కూడా రూపం మార్చుకొందని చెబుతారు. మైదానంలోనే 1988లో హోజా విగ్రహం నిలబెట్టారు; 1991 ఫిబ్రవరి 20న జనం తాళ్ళు కట్టి లాగి పడేశారు. మూడేళ్ళు నిండలేదు దానికి.

దారిపక్క పాత పుస్తకాలు పరుచుకొని అమ్మేవాళ్ళు అక్కడక్కడ కనిపిస్తారు. హోజా రచనలు దుమ్ముకొట్టుకొని గుట్టలుగా ఉన్నాయి. ఆయన రాసినవీ రాయించినవీ కలిపి అచ్చువేసిన సంపుటాలు డెబ్భైకి పైమాట. అందులో వెదికి మా చరిత్ర లెక్చరరుగారి కోరిక తీర్చాను. పార్టీ చరిత్ర మొదటిసారి 1968లో వచ్చింది. ఆ తరవాత సవరించిన రెండో ముద్రణ వచ్చింది. రెండూ ఇంగ్లీషు అనువాదాలు దొరికాయి. మొదటి దాంట్లో చైనా ప్రపంచ విప్లవానికి పెట్టనికోట. రెండో దాంట్లో అదే చైనా దారితప్పిన దేశం. మధ్యలో జరిగిందేమిటంటే, 1978లో చైనా తన సహాయం ఆపేసింది.

అంతకుముందూ ఇంతే. 1948 దాకా యుగోస్లావియా పెద్దన్న. అల్బేనియా పార్టీ పుట్టినప్పుడు మంత్రసానితనం చేసినవాళ్ళలో యుగోస్లావియా పార్టీ పంపిన ఇద్దరు కార్యకర్తలున్నారు. 1948లో స్టాలినుకూ టిటోకూ చెడగానే హోజా స్టాలిను పక్షం చేరాడు. ఇంతకాలం తనకు పోటీగా ఉన్న హోంమంత్రి కోచీ జోజెను యుగోస్లావియా మనిషని 1949లో చంపించాడు. పురుడు పోసినవాళ్ళు కాస్తా పిల్లను కాజేయబోయిన దొంగలైనారు. తరవాత పెద్దన్న స్టాలిను. ఒక పట్టణానికే ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయన పోయాక కృశ్చేవ్‌తో పడక చైనా. చైనా తరవాత ఇంకెవ్వరూ లేరు. స్నేహం తెగినప్పుడల్లా కొత్తగా దూరం కావడమే కాదు, అసలు ఎన్నడూ స్నేహమే లేదని రుజువు చేయవలసి వచ్చేది. వర్తమానం మారితే గతం మారాలి. మన ఇళ్ళల్లో వియ్యాలవారితో మాట పట్టింపు వస్తే, "పెళ్ళిచూపుల నాడే నాకు అనుమానం వేసింది" అంటారు చూడండి, ఆ ధోరణి. కాకపోతే ఇక్కడ అలా అననివాణ్ణి జైలుకు పంపేవారు.

దేశాల సంగతి సరే. మనిషి మాటేమిటి? మెహ్మెత్ షెహూ కథ వినండి.

షెహూ స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడి వచ్చినవాడు. అల్బేనియా గెరిల్లాల మొదటి బ్రిగేడ్‌కు కమాండరు. 1944 నవంబరు 17న జర్మనుల చేతినుంచి టిరానా విముక్తి పొందింది. ఆ యుద్ధం నడిపింది అతడే. 1954 నుంచి ప్రధానమంత్రి. హోజాకు కుడిభుజం, కఠినుడని పేరు. ఇతరులను పట్టి శిక్షించిన కాలంలో అతడి చేయీ తక్కువది కాదు, కనుక మహాత్ముడని నేననను. 1981లో అతని కొడుకు ఒక అమ్మాయిని పెళ్ళిచేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఆ అమ్మాయి బంధువుల్లో అర్షీ పీపా ఉన్నాడు. కవి, పండితుడు, అమెరికాకు పోయి అక్కడినుంచి ప్రభుత్వాన్ని విమర్శిస్తున్నవాడు. ఆ వియ్యమే నేరమైంది. 1981 డిసెంబరు 18న షెహూ తన ఇంట్లో తుపాకీ గుండు తగిలి చనిపోయి కనిపించాడు. మనసు చెదిరి ఆత్మహత్య చేసుకున్నాడని ప్రకటించారు. మరుసటి ఏడు హోజా ఇంకో మాట చెప్పాడు: షెహూ విద్యార్థిగా ఉన్ననాడే అమెరికా గూఢచారి అయ్యాడు; ఆ పైన యుగోస్లావియాకూ, సోవియట్ రష్యాకూ కూడా గూఢచారి అట! ఇన్ని దేశాలకు ఏకకాలంలో గూఢచర్యం చేస్తూ ఇరవై ఏడేళ్ళు ప్రధానమంత్రిత్వం వెలగబెట్టగలిగిన మనిషి పురాణాల్లో కూడా ఉండడు.

భార్యను జైల్లో పెట్టారు. ఆమె 1988లో నిర్బంధంలోనే పోయింది. కొడుకుల్లో ఒకడు ప్రాణం తీసుకున్నాడు. రచయిత అయిన మరో కొడుకు బష్కిమ్ 1991 దాకా చెరలో ఉన్నాడు. తండ్రి శవాన్ని ఎక్కడ పాతారో కూడా ఆ కుటుంబానికి చెప్పలేదు. ఇరవై ఏళ్ళు వెదగ్గా, 2001లో న్‌ద్రోచ్ అనే పల్లె దగ్గర, ఎర్జెన్ ఏటి ఒడ్డున ఎముకలు దొరికాయి.

ఇందాక చెప్పిన చరిత్ర మ్యూజియం తెరిచింది 1981 అక్టోబరు 28న. లెక్కపెట్టి చూడండి, షెహూ చావుకు సరిగా 51 రోజుల ముందు. టిరానా విముక్తి గది ఇంకా కొత్త రంగు వాసన పోకముందే ఆ ఘట్టాన్ని మళ్ళీ సర్దవలసి వచ్చి ఉంటుంది. నగరాన్ని విడిపించిన సేనానికి పేరు లేకుండా నగరం విడుదల కావాలి. ఎలా?

ఎలాగో మేము దిగిన ఇంటి పెద్దావిడ చెప్పింది. డెబ్భై దాటినావిడ, పదవి విరమించిన చరిత్ర పంతులమ్మ. భర్త పోయాడు, పిల్లలు ఒకరు జర్మనీలో, ఒకరు గ్రీసులో. మేడమీది రెండు గదులు యాత్రికులకు అద్దెకిస్తుంది. ఇటాలియను ధారాళంగా మాట్లాడుతుంది. ఎక్కడ నేర్చుకున్నారని మా తమ్ముడు అడిగితే నవ్వి, "టెలివిజన్‌లో" అంది. ఆ రోజుల్లో తలుపులు బిగించుకొని, శబ్దం తగ్గించి, ఇటలీ కార్యక్రమాలు దొంగతనంగా చూసేవారు. ఒక తరం అల్బేనియనులకు ఇటాలియను వచ్చింది అలాగే. మేము ఇండియా వాళ్ళమని తెలిసిన మరుక్షణం, "నెనె తెరెజా!" అని గుండెల మీద చేయి వేసుకుంది. మన కలకత్తా మదర్ థెరిసా అల్బేనియన్ ఆడపడుచు గదా! ఆమె తల్లీ అక్కా టిరానాలోనే ఉండేవారు. ఆమెను లోపలికి రానివ్వలేదు, వాళ్ళను బయటికి పోనివ్వలేదు. 1972లో తల్లి పోయింది. ఆ తరవాత అక్క పోయింది. ఈమె ఆ దేశంలో అడుగుపెట్టింది 1989లో, మిగిలింది సమాధులే. ఇవాళ టిరానా విమానాశ్రయానికీ, విశ్వవిద్యాలయం ముందున్న మైదానానికీ ఆమె పేరే.

మూడోనాటి రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి పెద్దావిడ మాకు కొండచాయ్ ఇచ్చింది. పుదీనా, తులసి కలిపి కాచినట్టుంటుంది. నేను కూడా పాఠాలు చెప్పేవాణ్ణేనని తెలిసి, వృత్తిరహస్యం పంచుకునేదానిలాగా ముందుకు వంగి చెప్పింది.

"కొత్త పుస్తకం రావడానికి ఆలస్యమవుతుంది. పాఠం మాత్రం రేపే చెప్పాలి. పిల్లల చేతుల్లో పాత పుస్తకం ఉంది. పేరు పలకకూడదు, పలకడం లేదని పిల్లలకు తెలియకూడదు. అప్పుడేం చేశానంటే, 'టిరానా ఉ చ్లిరువా' అన్నాను. అంతే."

ఆ మాటకు అర్థం 'టిరానా విముక్తం చేయబడింది' అని. వాళ్ళ భాషలో ఆ ప్రయోగం సహజం. ఒక్క చిన్న 'ఉ' చేరిస్తే చాలు, కర్త మాయమవుతాడు. మేము క్లాసులో కర్మణి ప్రయోగం తెలుగుకు నప్పదు, 'బడు'లు వాడవద్దు అని పిల్లలను మందలిస్తూ ఉంటాము. అది వాక్యసౌందర్యం విషయమనే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాము. ఒక దేశం పదేళ్ళపాటు 'బడు' చాటున బతికిందని ఆ వంటింట్లో వినేసరికి వ్యాకరణం మీద నాకు కొత్త భయభక్తులు కలిగాయి.

"పిల్లలు అడగలేదా?" అన్నాను.

"ఒక్కడు అడిగాడు. పదేళ్ళవాడు. 'చేసిందెవరు టీచర్?' అని. 'ప్రజలు' అన్నాను. కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. ఏమీ మాట్లాడలేదు, రెండు కోడిగుడ్లు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. వాడి ప్రశ్న నేను ఎవరితోనూ చెప్పవద్దని!"

తరవాత కొంచెం సేపు ఊరుకొని తన తండ్రి సంగతి చెప్పింది. ఆయన మొదటి బ్రిగేడ్‌లో సైనికుడు. ఆ యుద్ధంలో తీసిన ఫొటో ఒకటి ఇంట్లో గోడకు ఉండేది. అయిదుగురు యువకులు మంచులో నిలబడ్డారు. నడుమ షెహూ, ఆయన పక్కనే ఈవిడ తండ్రి. ఇరవై ఏళ్ళవాడు. ఆ ఫొటో ఉండబట్టే ఆ ఇంటికి ఊళ్ళో గౌరవం. 1982లో అదే ఫొటో గండమైంది. కత్తిరిద్దామంటే నడుమ మనిషి పోతే ఫొటో రెండు ముక్కలవుతుంది, రెండు ముక్కల ఫొటో ఇంకా ప్రమాదం. తల్లి దాన్ని పొయ్యిలో పెట్టింది. తండ్రి అక్కడే కుర్చీలో కూర్చుని చూశాడు. మేకు గుర్తు కనపడకుండా గోడకు సున్నం కూడా ఆయనే వేశాడట. తరవాత నాలుగేళ్ళు బతికాడు. యుద్ధం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన యువకుడుగా ఉన్న ఫొటో మరొకటి లేదు. "మా మనవడు, ముత్తాత ఎలా ఉండేవాడని అడుగుతాడు. నాకే గుర్తు రావడం లేదు" అందావిడ. సర్కారు భాండాగారంలో ఆ ఫొటో నకలు ఉంటుందేమోనని దరఖాస్తు పెట్టిందిగాని ఇంతవరకు దొరకలేదు.

నేను తెలుగువాణ్ణి, తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి కనుక వాళ్ళ సాహిత్యం మాట కూడా అడిగాను. ఉత్తరాన ష్కోదర్ పట్టణంలో జెర్జ్ ఫిష్తా అనే కవి ఉండేవాడు; ఫ్రాన్సిస్కన్ సన్యాసి. పదిహేను వేల పాదాలకు పైబడిన వీరకావ్యం రాశాడు. 1940లో పోయాడు. కొత్త ప్రభుత్వం ఆయన పుస్తకాలు నిషేధించింది, బళ్ళలో పేరెత్తనివ్వలేదు, చివరికి సమాధి తవ్వి ఎముకలు ఏటిలో పారేశారు. నన్నయ తరవాత ఎర్రన అని, మధ్యలో తిక్కన అనే ఆయన అసలు లేనే లేడని ఎమ్మే క్లాసులో పాఠం చెప్పవలసి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి! భాషకూ ఇదే గతి. ఉత్తరాది మాండలికం గెగ్, దక్షిణాది మాండలికం తోస్క్. 1555లో అచ్చయిన తొలి అల్బేనియన్ గ్రంథం గెగ్‌లోనిదే. కాని 1972లో టిరానాలో మహాసభ జరిపి తోస్క్ మీద ఆధారపడ్డ రూపాన్ని దేశమంతటికీ ప్రామాణికం చేశారు. హోజా దక్షిణాదివాడు. ప్రామాణిక భాష కోసం మనమూ కొట్లాడుకున్నాం, పత్రికల్లో దుమ్మెత్తి పోసుకున్నాం. మనవాళ్ళు చేసిన మంచిపని ఏమంటే, ఓడినవాళ్ళ పుస్తకాలను కూడా గ్రంథాలయంలో ఉండనిచ్చారు.

మైదానానికి నాలుగడుగుల దూరంలో తీగలల్లుకున్న పాతకాలపు మేడ ఉంది. 'ఆకుల ఇల్లు' అంటారు. 1931లో కాన్పుల ఆసుపత్రిగా మొదలైంది. యుద్ధంలో జర్మన్ గెస్టపో దిగింది. తరవాత హోజా రహస్య పోలీసులు సిగురిమివారు ఇతరుల మాటలు చాటుగా వినడానికి వాడుకున్నారు. 2017 నుంచి మ్యూజియం. టేపురికార్డర్లు, చీపురులో దాచే మైకులు, ఉత్తరాలు ఆవిరిపట్టి విప్పే పనిముట్లు. చరిత్ర పుస్తకాల్లో లేని చరిత్ర ఇక్కడ ఎంత శ్రద్ధగా రాసిపెట్టారో! ఎవడు ఎవడితో ఏమన్నాడు, ఎన్ని గంటలకన్నాడు, అన్నప్పుడు పక్కన ఎవరున్నారు, అన్నీ తేదీలతో సహా. పై గదిలో కూర్చున్న పండితుడు కర్తను మాయం చేస్తూ ఉంటే, కింద గదిలో గుమాస్తా కర్తను విడవకుండా రాస్తూ ఉన్నాడన్నమాట.

ఫాతోస్ లుబోన్యా అనే భౌతికశాస్త్ర విద్యార్థి తనకోసం తాను డైరీ రాసుకున్నాడు. అందులో హోజా మీద విమర్శ ఉంది. డైరీలు మేనమామో చిన్నాన్నో, ఒక బంధువు ఇంటి అటక మీద దొరికాయి. 1974లో పట్టుకుపోయి ఏడేళ్ళు శిక్ష వేశారు. జైల్లో ఉండగానే ఇంకో కేసు పెట్టి మరో పదహారేళ్ళు చేర్చారు. స్పాచ్ రాగి గనిలో బండలు మోయించారు. 1991లో విడుదలయ్యాడు. ఈ రోజు టిరానా బులివారు పక్కన ఒక బంకరూ, బెర్లిన్ గోడ ముక్కా, స్పాచ్ గని స్తంభాలూ కలిపి చిన్న స్మారకం ఉంది. 2013లో దాన్ని రూపొందించినవాళ్ళలో ఆయన ఒకడు. 2015లో చట్టం చేసి సిగురిమి ఫైళ్ళు తెరిచారు. ఎవరి ఫైలు వాళ్ళు అడిగి చదువుకోవచ్చు. పెద్దావిడ ఫొటో కోసం దరఖాస్తు పెట్టింది గాని తన ఫైలు అడగలేదు. "ఎవరు చెప్పారో తెలిస్తే రేపు పొద్దున మెట్ల మీద ఎదురైనప్పుడు నేనేం మొహం పెట్టుకోవాలి?" అంది.

అయిదో రోజున క్రుయా కోటకు వెళ్ళాము. కొండ అంచున కోట, దాని కింద తివాచీల బజారు. పదిహేనో శతాబ్దంలో స్కందర్‌బేగ్ టర్కీ సుల్తానులను ఇక్కడే పాతికేళ్ళు నిలవరించాడు. కోటలో 1982లో మ్యూజియం కట్టారు. కట్టినవాళ్ళలో ఒకరు హోజా కూతురు. స్కందర్‌బేగ్‌ను హోజా తనకు పూర్వరూపంగా తీర్చిదిద్దించాడు: చుట్టూ శత్రువులు, నడుమ ఒంటరి వీరుడు. ఆ వీరుడు పోపుతో నడిపిన రాయబారాలు, క్రైస్తవ నిష్ఠ మాత్రం వెనక్కు నెట్టారు. సరే, నియంత పోయాడు గదా, ఇక చరిత్రకారుడికి స్వేచ్ఛ వచ్చినట్టే అనుకుంటాము. 2008లో స్విట్జర్లండ్ చరిత్రకారుడు ఒలివర్ యెన్స్ ష్మిట్ రాసిన స్కందర్‌బేగ్ జీవితం అల్బేనియన్‌లో వచ్చింది. వీరుడి తల్లి స్లావు జాతి స్త్రీ అన్నాడు. పోరాటానికి కారణాల్లో తండ్రి చావుకు పగ కూడా ఉందన్నాడు. దేశమంతా గగ్గోలు! హోజా కాలంలోనే పేరుపడ్డ వృద్ధ చరిత్రకారుడు క్రిస్తో ఫ్రాషెరి దానికి జవాబుగా పుస్తకమే రాశాడు. అనువాదకుణ్ణి కూడా తిట్టారు. కాని ష్మిట్ పుస్తకం దుకాణంలో ఉంది, ఫ్రాషెరి పుస్తకమూ ఉంది. తిట్టుకున్నారు, కొనుక్కున్నారు, ఇళ్ళకు పోయారు. మా తమ్ముడికి ఇది సామాన్య విషయంగా తోచింది. పెద్దావిడ వంటింట్లో కూర్చున్న తరవాత నాకు మాత్రం అది సామాన్యంగా కనిపించలేదు.

ఆఖరి రోజున తెల్లవారుజామునే దక్షిణానికి బయలుదేరాము. బెరాత్ పట్టణానికి ఎదురుగా ష్పిరాగ్ అనే కొండ ఉంది. 1968లో ఆ కొండవాలు మీద తెల్లరాళ్ళు పేర్చి, మైళ్ళ దూరానికి కనిపించేటట్టు, ఇంగ్లీషు లిపిలో 'ఎన్వర్' అని అయిదక్షరాలు రాయించారు. 1990ల్లో సైన్యం వాటిని పేల్చి, కాల్చి చెరపబోయింది, పూర్తిగా పోలేదు. 2012లో ఒక కళాకారుడు మొదటి రెండక్షరాలు తారుమారు చేయించాడు. ఇప్పుడు కొండ మీద 'నెవర్' అని ఉంటుంది. ఎన్నటికీ వద్దు అని! రాళ్ళు అవే, కొండ అదే. చెరపలేకపోతే చదివే తీరు మార్చుకున్నారు.

అక్కడినుంచి జీరోకాస్తర్. ఊరంతా రాయి. గోడలు రాయి, వీధులు రాయి, ఇంటి కప్పుల మీద పెంకులకు బదులు రాతిపలకలు. ఎండలో వెండిలా మెరుస్తాయి. చిత్రమేమంటే హోజా పుట్టింది ఈ ఊళ్ళోనే, 2024లో మరణించిన ప్రపంచ ప్రసిద్ధ నవలాకారుడు ఇస్మాయిల్ కదరే పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. కదరే 1973లో రాసిన నవలలో హోజా మాస్కోను ధిక్కరించిన వీరుడుగా కనిపిస్తాడు. 1981లో రాసిన 'స్వప్నసౌధం' జనం కలలను సేకరించి పరీక్షించే ఒక ప్రభుత్వ కచేరీ కథ, దాన్ని నిషేధించారు. 2003లో షెహూ మరణాన్నే వస్తువుగా తీసుకొని ఇంకో నవల రాశాడు. ఒకే మనిషి, మూడు పుస్తకాలు. ఆయన రాజీపడ్డాడని కొందరు, బతికుండి రాశాడు గదా అని కొందరు ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నారు. నేను రెండో పక్షం.

కదరే ఇల్లు చూసుకొని హోజా ఇంటికి వెళ్ళాము. బయట బోర్డు మీద జానపద జీవన మ్యూజియం అని ఉంది. నాలుగంతస్తుల చక్కని మండువా. గైడు పిల్ల చలాకీది. పెళ్ళికూతురి పెట్టెలు, మగ్గం, కాఫీగింజలు వేయించే చట్టి, మగవాళ్ళ వసారా, ఆడవాళ్ళు తెరచాటునుంచి అతిథులను చూసే చిన్న కిటికీ, అన్నీ ఓపికగా చూపించింది. గంటసేపటిలో ఇంటాయన పేరు ఒక్కసారి కూడా రాలేదు. దిగివచ్చేటప్పుడు మా తమ్ముడు ఉండబట్టలేక, ఆయన పుట్టిన గది ఏదని అడిగాడు.

"ఆ ఇల్లు ఎప్పుడో కాలిపోయింది" అంది. "ఇది 1966లో కట్టబడింది."